రంపం బ్లేడు కోసం మైసూరు దాకా!

మైసూరు ఎవరైనా ఎందుకు వెళ్తారు? ప్యాలెస్‌ చూడ్డానికి, చాముండి కొండ ఎక్కడానికి, వచ్చేటప్పుడు ఓ పట్టుచీరా కిలో మైసూర్‌పాకూ కొనుక్కోవడానికి. నేను మాత్రం సూదంత సన్నగా ఉండే రంపం బ్లేడు గురించి అడగడానికి వెళ్లాను. సంచీలో రెండు జతల బట్టలు, వాటి కింద పాత తువ్వాల్లో చుట్టిన అడుగు పొడవు చెక్కముక్క. బరువు మూడు కిలోలు. కాచిగూడలో రైలెక్కుతుంటే, ఎక్కడ పడిపోతుందో అన్నట్టు దాన్ని చంకలోనే పెట్టుకున్నాను.

ఆ ముక్క కథ చెప్పాలి. నిర్మల్‌ దగ్గర పల్లెలో మా పాత ఇంటి వసారాలో ఓ ఉయ్యాల బల్ల ఉండేది. జిట్రేగి కర్రతో మా తాత చేయించింది. ఇంగ్లిషులో రోజ్‌వుడ్‌ అంటారు చూడండి, అదే. ఇల్లు తీసేసినప్పుడు, వాన కారి ఓ పక్క పగిలిపోయిన ఆ బల్లని పారేయడానికి అమ్మకి మనసు రాలేదు. హైదరాబాద్‌ ఫ్లాటులో ఉయ్యాల ఎక్కడ కడతాం! ‘దాంతోని ఏదన్న చెయ్యి బిడ్డా, కండ్ల ముందట ఉంటది’ అంది. పనికొచ్చే భాగం కొలిస్తే సరిగ్గా రెండడుగులు తేలింది.

పదవీ విరమణ తర్వాత నేనో స్క్రోల్‌ సా కొనుక్కున్నాను. కుట్టుమిషన్‌ సూదిలా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది. చెక్కని బల్లమీద అటూ ఇటూ తిప్పుతూ గీత వెంబడి కోసుకుంటూ పోవడమే. ప్లైవుడ్డుతో మనవలకి ఏనుగులూ గుర్రాలూ చేసిన ధైర్యంతో, అమ్మ గది గుమ్మం మీదకి జిట్రేగి చిలకల జంట చేద్దామనుకున్నాను.

నా లెక్క చాలా తేలిక. చిలక ముక్కు సున్నితమైన పని, సున్నితమైన పనికి సన్నటి బ్లేడు. రాణిగంజ్‌లో డజను బ్లేళ్ల కట్ట కొన్నాను, రెండో నంబరువి. అంగుళంన్నర మందం బల్లమీద బొమ్మ అంటించి మొదలుపెట్టాను. రెండంగుళాలు కోసేసరికి పొగ! కోసిన చోటల్లా చెక్క మాడి నల్లబడింది. బ్లేడు టప్పున తెగింది. ఇంకోటి వేశాను, అదీ తెగింది. ఏడు బ్లేళ్లు పోయాక చిలక బయటపడింది. తిప్పి చూస్తే అడుగున అంచంతా పెచ్చులు లేచిపోయింది. పైనున్న చిలక సన్నగా, కింద చిలక లావుగా ఉంది. బ్లేడు లోపల విల్లులా వంగిపోయి కోసిందన్న మాట. అడుగు బల్ల దండగ!

అమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చూసింది. ‘పోతే పోయింది తీయ్‌ బిడ్డా, ఇంకో సగమున్నది గద’ అంది. ఆ మాటతో ఆ రెండో సగం మీద చెయ్యి వేయాలంటేనే భయం పట్టుకుంది నాకు. అది కూడా పోతే మరోటి లేదు. అలాంటి బల్ల కొందామన్నా ఆ కర్ర వేరు, ఈ కర్ర వేరు.

జిట్రేగితో రోజూ కాపురం చేసేవాళ్లెవరా అని ఆలోచిస్తే మైసూరు గుర్తొచ్చింది. రోజ్‌వుడ్‌లో రంగురంగుల చెక్కముక్కలు పొదిగి చేసే బొమ్మపలకలు అక్కడివే. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

దారిలో ఓ చుట్టరికం

కాచిగూడలో సాయంత్రం బయల్దేరిన రైలు తెల్లవారేసరికి బెంగళూరు చేరుస్తుంది. అక్కణ్నుంచి మైసూరుకి మూడు గంటల్లోపే. ఈ ముక్క మాత్రం నిద్రపోకుండా చూడాలి. రామనగర దగ్గర రాతి గుట్టలు కనిపిస్తాయి. 1975లో వచ్చిన ‘షోలే’లో గబ్బర్‌సింగ్‌ కొండలు ఇవే. అది దాటితే చన్నపట్న, లక్కబొమ్మల ఊరు. అక్కడివాళ్లు ‘ఆలె మర’ అని పిలిచే చెట్టే మన విశాఖ వైపు అంకుడు. అంటే చన్నపట్న బొమ్మకీ ఏటికొప్పాక బొమ్మకీ పుట్టినిల్లు ఒకే జాతి చెట్టు! తరిమెన మీద తిప్పుతూ ఉలి ఆనిస్తే గుండ్రటి రూపం వచ్చేస్తుంది కాబట్టి వాళ్లకి నా రంపం గొడవ లేదు. కాసేపు అసూయపడ్డాను.

మైసూరులో దిగి, సంచీ బసలో పడేసి (చెక్కముక్క మాత్రం చంకలోనే), ముందు ప్యాలెస్‌కి వెళ్లాను. 1897లో పాత చెక్క ప్యాలెస్‌ కాలిపోయాక హెన్రీ ఇర్విన్‌ రూపకల్పనలో కట్టి 1912 నాటికి పూర్తిచేసిన భవనమిది. జనమంతా అంబావిలాస మంటపం పైకప్పు వంక, రంగుటద్దాల వంక చూస్తుంటే నేను ఓ తలుపు దగ్గర ఆగిపోయాను. రోజ్‌వుడ్‌లో ఏనుగు దంతం పొదిగిన తలుపది. ఆ తీగల వంపులు చూడండి... బఠానీ గింజ చుట్టూ తిరిగినంత చిన్న మలుపులు! నల్లటి చెక్కకీ తెల్లటి దంతానికీ మధ్య వెంట్రుక పట్టే సందు కూడా కనిపించలేదు. కరెంటు మిషన్లు ఇంటింటా లేని రోజుల్లో, చేత్తో పట్టుకునే రంపంతో ఎవరో కోశారు. ఆ పేరు ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు దంతం పని లేదు. మన దేశపు దంతం వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా నుంచి వచ్చేదాన్ని 1991లో చట్టం ఆపేసింది. మంచిదే కదా. పొదుగుడు పని మాత్రం ఆగలేదు. తెలుపు కావాలంటే తెల్లటి చెక్కలు, ప్లాస్టిక్‌ వాడుతున్నారు. పసుపుకి పనస ఉండనే ఉంది. మంచి పనివాళ్లు చెక్కకి రంగెయ్యరు, ఆ రంగున్న చెట్టునే వెతుక్కుంటారు.

సయ్యాజీరావు రోడ్డులో ఉన్న కావేరీ ఎంపోరియంలో ఈ పలకలు వరసగా పెట్టి ఉంటాయి. దసరా ఊరేగింపు, ఏనుగుల మంద, ఎడ్లబండి, నీళ్లు మోసే అమ్మాయిలు. కొనడానికైతే అక్కడికి చాలు. చేసేవాళ్లని చూడాలంటే మండి మొహల్లా సందుల్లోకి వెళ్లాలి.

‘ఇత్తా పత్లా కాయ్‌కు?’

ఆటో దిగి రెండు సందులు తిరిగితే రంపపు పొట్టు వాసనే దారి చూపింది. జిట్రేగి కోస్తే కాస్త తీపిగా, గులాబీ గుర్తొచ్చేలాంటి వాసన వస్తుంది. ఓ ఇంటి ముందుగదే కార్ఖానా. అరవై దాటిన పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఏనుగు తొండం కోస్తున్నారు. మూలన కరెంటు మిషను ముందు ఆయన కొడుకు. కన్నడం రాని నాకు ఏ భాషలో మొదలుపెట్టాలో తెలీక హైదరాబాదీలో ‘చాచా, జర పూఛ్‌నా థా’ అన్నాను. ఆయన మొహం వికసించింది. దక్కనీ మాట మైసూరులోనూ అదే రుచి! ‘నక్కో’లూ ‘హౌ’లూ వినేసరికి నాకు చార్మినార్‌ దగ్గర కూర్చున్నట్టే ఉంది.

తువ్వాలు విప్పి చెక్క ముందు పెట్టాను. పక్కనే పాడైపోయిన చిలక, మిగిలిన బ్లేళ్ల కట్ట. ఆయన చిలకని చూడలేదు. మంచి ముక్కని తీసుకుని గోటితో గీసి, వాసన చూసి ‘బీటె... బాగా పాతది’ అన్నారు. బీటె అంటే కన్నడంలో మన జిట్రేగి. తర్వాత బ్లేడొకటి లాగి వెలుతురులో పెట్టి నవ్వారు.

‘ఇత్తా పత్లా కాయ్‌కు బేటా?’ ఇంత సన్నది ఎందుకయ్యా అని.

ముక్కు కోసం అన్నాను. ఆయన బొమ్మమీద ముక్కుని చూపుడువేలితో మూశారు. ‘ముక్కు సంగతి తర్వాత. ముందు ఇది చూడు’ అంటూ బల్లని నిలువుగా తిప్పి మందాన్ని చూపించారు.

ఆ తర్వాత గంటసేపు ఆయన చెప్పింది, చేసి చూపింది నా మాటల్లో రాస్తాను. ఇంట్లో స్క్రోల్‌ సా ఉన్నవాళ్లకీ, స్కూల్లో పిల్లలకి ఫ్రెట్‌ సా ఇప్పించినవాళ్లకీ పనికొస్తుంది.

బ్లేడు పంటికీ పంటికీ మధ్య ఉండే సందు ఊరికే లేదు. కోసిన పొట్టు అందులో చేరి బయటికి రావాలి. నా రెండో నంబరు బ్లేడుకి అంగుళానికి ఇరవై దాకా పళ్లు. అంత దగ్గరి పళ్ల మధ్య పొట్టుకి చోటు ఎంతుంటుంది? అంగుళంన్నర మందంలో ఆ పొట్టు బయటికి రాలేక అక్కడే నలిగి వేడెక్కింది. జిట్రేగి చేవలో జిగురు ఉంటుంది కాబట్టి పళ్లకి పట్టేసింది. ఇక బ్లేడు కోయడం మానేసి రుద్దడం మొదలుపెట్టింది. అదీ నా పొగ! కోయడం లేదు కదా అని నేను ఇంకా గట్టిగా నెట్టాను. 0.3 మిల్లీమీటర్ల మందం ఉక్కు రేకు వంగక ఏం చేస్తుంది?

‘మరి మీరు కోసే తొండానికి?’ అన్నాను. ఆయన తన బ్లేడు చూపించారు. అది నాదానికన్నా సన్నం! కానీ ఆయన కోస్తున్నది 3 మిల్లీమీటర్ల పలుచటి రేకు. పొదుగుడు పనికి ఒక్కో రంగు చెక్కని ముందే రేకులుగా కోసి పెట్టుకుంటారు. కాగితం మీది బొమ్మని ముక్కలుగా కత్తిరించి, ఏ ముక్క ఏ రంగో ఆ రేకుకి అంటించి కోస్తారు. ఆ ముక్కని రోజ్‌వుడ్‌ పలకమీద పెట్టి చుట్టూ గీత గీసి, ఉలితో అంత మేర గుంట తీసి, బంక పూసి కూర్చోబెడతారు. తర్వాత గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, మెరుగు పెడతారు. పలుచటి రేకుకి పెద్ద పళ్ల బ్లేడు వేస్తే పన్ను చెక్క అంచుని పట్టుకుని కుదిపేస్తుంది. రేకు విరుగుతుంది, లేదా బ్లేడు తెగుతుంది. ఎప్పుడు చూసినా కనీసం మూడు పళ్లు చెక్కలో ఉండాలన్నది చాచా లెక్క. అంగుళానికి 28 పళ్లుండే 2/0 నంబరు బ్లేడయితే 3 మిల్లీమీటర్ల రేకులో మూడు పళ్లుంటాయి. పన్నెండు పళ్ల బ్లేడయితే ఒక్కటే, మహా అయితే రెండు.

అయితే అంగుళంన్నరకి తొమ్మిదో నంబరు, పన్నెండో నంబరు లావు బ్లేడు వేస్తే సరిపోతుందా? కోస్తుంది, తిరగదు. అప్పుడు గానీ ఆయన ముక్కుమీంచి వేలు తీయలేదు. బ్లేడు వెడల్పు ఎక్కువయ్యేకొద్దీ మలుపు పెద్దదవుతుంది. సందులో లారీ తిప్పినట్టే. ఒక పక్క మందం లావు బ్లేడు కావాలంటోంది, ఇంకో పక్క ముక్కు సన్నది కావాలంటోంది. ఈ తగువు తీర్చడమే బ్లేడు ఎంచుకోవడం.

తీర్పు ఆయనే చెప్పారు, నేను కలలో కూడా అనుకోనిది. ‘మందం నీ చేతిలో ఉంది కదా. తగ్గించు!’

బల్లని పుస్తకంలా

సామిల్లులో బ్యాండ్‌ సా మీద బల్లని మందం మధ్యలోకి నిలువునా చీల్చమన్నారు. రంపం తినేది, చిత్రిక పట్టేది పోగా 16 మిల్లీమీటర్ల పలకలు రెండొస్తాయి. పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే ఒకదాని చారలు రెండోదానికి అద్దంలో నీడలా ఉంటాయి. ఎదురెదురు చిలకలకి అంతకన్నా ఏం కావాలి! ఒక్క చిలకకే చాలదనుకున్న ముక్కలో జంట ఉందని అప్పుడు తెలిసింది.

16 మిల్లీమీటర్ల జిట్రేగికి ఐదో నంబరు చాలన్నారు. అంగుళానికి పన్నెండు పదమూడు పళ్లు, వెడల్పు మిల్లీమీటరు. నంబర్లు కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి కాబట్టి పళ్లు లెక్కపెట్టుకోవడమే నయం. అందులోనూ ఒక పన్ను విడిచి ఒక పన్ను ఉండే రకం తీసుకోవాలి, పొట్టు సులువుగా రాలుతుంది. మామూలుగా బ్లేడు పళ్లు కిందికి చూస్తుంటాయి. ఒక రకం బ్లేడుకి అడుగున నాలుగైదు పళ్లు పైకి చూస్తాయి. వాటివల్లే అడుగు అంచు పెచ్చులూడకుండా ఉంటుంది. నా పాడైన చిలకని తిప్పి ఆ అంచుమీద వేలితో రాస్తూ చెప్పారీ మాట. సిగ్గేసింది.

ఇంకో సంగతి. బ్లేడు చివర అడ్డంగా చిన్న పిన్ను ఉండే రకం తగిలించడం తేలికే. నా మిషనుతో పాటు వచ్చినవి అవే. కానీ ఆ పిన్ను దూరాలంటే చెక్కలో పెద్ద రంధ్రం కావాలి. కన్ను, ఈకల సందు లాంటివి లోపల కోయాలంటే పిన్ను లేని సాదా బ్లేడే దిక్కు. అన్ని వైపులా పళ్లున్న మెలికల బ్లేడు ఒకటుంది, చెక్క తిప్పకుండానే ఎటైనా కోస్తుంది. అడిగితే చాచా చెయ్యి అడ్డంగా ఊపి ‘నక్కో’ అన్నారు. కోసిన అంచు ఎలుక కొరికినట్టుంటుందట.

బిగింపు చూడాలంటే గోటితో మీటాలి. వదులుగా ఉంటే డబ్‌మంటుంది, సరిగ్గా బిగిస్తే తంబురా తీగలా ఖంగుమంటుంది. ఆయన బ్లేడు శ్రుతి చేస్తుంటే పక్కగదిలోంచి మనవరాలు ఆ స్వరాన్ని అనుకరించింది! తర్వాత బ్లేడుకి తేనెమైనం రాశారు. మిషనుకైతే వేగం తగ్గించాలి. చెక్కపైన పారదర్శకంగా ఉండే ప్యాకింగ్‌ టేపు అంటించినా మాడడం తగ్గుతుందని కొడుకు చెప్పాడు.

ముక్కు కొనకి ఆయన మలుపే తిప్పలేదు. గీత దాటి వృథా చెక్కలోకి పోయి, అక్కడ చిన్న చుట్టు తిరిగి, రెండో గీత మీదకి వచ్చారు. కొన సూదిలా మిగిలింది. ముక్కు కింద లోపలి మూలకి మాత్రం ఒకవైపు నుంచి కోసి వెనక్కి వచ్చేసి, రెండో వైపు నుంచి వచ్చి కలిపారు. సన్నటి బ్లేడు కావాలనుకున్న చోట కావలసింది దారి మార్చడమే. ఇంకా, బ్లేడు ఓ పక్కకి లాగుతోందని నేను చేతిని తిట్టుకునేవాణ్ని కదా... తయారీలో బ్లేడుకి ఒక పక్క అంచు కాస్త గరుకుగా మిగులుతుంది, అందుకే అది ఓ వైపుకి పోతుంది. చెక్కని కొంచెం ఏటవాలుగా పట్టుకుని నెట్టడమే విరుగుడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే నాకు రెండేళ్ల నిష్ఠూరం తప్పేది.

చాచాని ‘మీరే కోసివ్వండి, ఎంతయినా ఇస్తాను’ అని అడిగాను. ఒప్పుకోలేదు. పాడైన చిలకలోంచి ముక్క కోసి నా చేతికిచ్చి కూర్చోమన్నారు. తాజాగా కొన్న చెక్కమీద సాధన చేస్తే లాభం లేదట, ఆ బల్లదే తునక కావాలట. సాయంత్రం దాకా కోశాను. ఐదో నంబరు బ్లేళ్లు రెండు తెగాయి. మూడోది తెగలేదు.

వచ్చేముందు ఆయన నా మంచి ముక్క మూలని చూపించి ‘వీటినేం చేస్తావ్‌?’ అన్నారు. ఉయ్యాల గొలుసు కొక్కేల కోసం తాత కాలంలో తొలిచిన రంధ్రాలు రెండు. పూడుస్తానన్నాను. కాగితం చిలకని జరిపి జరిపి ఒక రంధ్రం సరిగ్గా కన్ను దగ్గరికి వచ్చేలా పెట్టారు. అలా పెడితే ముక్కు కొన కూడా చార వెంబడే వస్తోంది. చారకి అడ్డంగా వస్తే ఎప్పుడో ఒకప్పుడు విరగడం ఖాయం. రెండో రంధ్రం వృథా ముక్కలోకి పోయింది. చేతిలో ఓ పనస రేకు పెట్టారు. డబ్బులు తీసుకోలేదు. ఎంపోరియంలో అమ్మే పలకలాంటిదే ఒకటి ఆయన దగ్గర కొన్నాను, దానికి మాత్రం బేరం ఆడనివ్వలేదు!

ఆ రోజు ఆదివారం. ఆదివారాలూ ప్రభుత్వ సెలవు రోజుల్లోనూ రాత్రి ప్యాలెస్‌కి దీపాలు వెలిగిస్తారు. వేల బల్బులు ఒక్కసారి వెలగడం చూసి తీరాల్సిందే. నేను చూశాను కానీ, జేబులో పనస రేకు విరక్కుండా పట్టుకోవడంలోనే సగం ధ్యాస పోయింది.

హైదరాబాద్‌ వచ్చాక సామిల్లు వాడి పక్కనే నిలబడి బల్ల చీల్పించాను. పుస్తకం తెరుచుకుంది, చారలు కలిశాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని (జిట్రేగి పొట్టు కొందరికి పడదు, దగ్గూ దురదలూ వస్తాయి) నాలుగు రోజులు కోశాను. మొదటి చిలక తోక దగ్గర గీత ఓ నూలు తప్పింది. రెండోదానికి తప్పలేదు. చివర్లో 2/0 బ్లేడు వేసి పనస రేకులోంచి ఉంగరాల్లాంటి రెండు చుట్లు కోసి కళ్లలో బిగించాను. ఏడు బ్లేళ్లు తెగిన చోట ఈసారి మూడే తెగాయి.

అమ్మ గుమ్మం మీద పెట్టకముందే చేతిలోకి తీసుకుంది. చూపు అంతగా ఆనదు కాబట్టి వేళ్లతో తడిమింది. ముక్కు, మెడ, రెక్క... కన్ను దగ్గర వేలు ఆగింది.

‘ఇది గొలుసు బొక్క గద’ అంది. ‘మీ నాయిన కూసునే దిక్కుది.’